ఆచార్య మేఘనాద సాహా

ఏటేట వెలువడు మన మహాసభా సంచికలలో మన కులమున బుట్టి పేరుప్రతిష్ఠల నార్జించిన పెద్దల చరిత్రములను ప్రకటించుట వాడుక. ఈమాఱు సంపాదకులు మమ్మొక చరిత్రమును వ్రాసి యిమ్మని కోరినప్పుడు మేము కొంత సంకోచించి, తుదకు మన కులమునకు గాని మన భాషకు గాని చెందని యొక మహనీయుని చరిత్రము నెన్నుకొంటిమి. ఇందులకు చదువరులు మమ్ము మన్నింతురుగాక. ఆయన వంగదేశీయులైన ఆచార్య మేఘనాద సాహాగారు. నక్షత్రముల వెలుగును పరీక్షించి, అవి యెంత వేడిమి గలవో, యే పదార్థములతో నేర్పడినవో లెక్కగట్టి చెప్పుటకు మార్గము జూపినవా రాయన. కాని యీ సంచికలో ఆయన చరిత్రమును జెప్పుటకు అది యొక్కటియే కారణము కాదు. ఆయన బాల్యమున నొక కులసంఘము నెలకు రెండు రూపాయ లిచ్చి చదువునకు తోడ్పడినది. ఆయన యౌవనమున నొక వసతిగృహములో ఆ కులము పేరిటనే ఆయనను భోజనపంక్తినుండి వేఱుచేసిరి. ఈ రెండు సంగతులును మనబోటి సంఘములవారు నిదానముగ తలపోయదగినవి.

బాల్యము

సాహాగారు 1893వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన ఢాకా జిల్లాలోని శేవరాతలి యను పల్లెలో జన్మించిరి. ఆ ప్రాంత మిప్పుడు బంగ్లాదేశములో నున్నది. తండ్రి జగన్నాథ సాహా, తల్లి భువనేశ్వరీదేవి. ఎనమండుగురు బిడ్డలలో మేఘనాదు డయిదవవాడు. తండ్రికి ఊరిలో నొక చిన్న పచారి కొట్టు గలదు. ఆ కొట్టుపై వచ్చు రాబడితో నంత కుటుంబమును పోషించుట కష్టముగ నుండెను. గాలివానగల దినమున బుట్టినందున పిల్లవానికి మేఘనాథుడని పేరిడిరనియు, పెరిగి పెద్దవాడైన పిదప ఆయనయే దానిని మేఘనాదుడని మార్చుకొనిరనియు చెప్పుదురు. రామాయణమున నింద్రుని గెలిచినవాని పేరు పెట్టుకొనుట కేవలము యాదృచ్ఛికము గాదేమో యని మాకు తోచును.

పల్లెబడిలో చదువు ముగియగానే పిల్లవాడు కొట్టులో కూర్చుండవలయునని తండ్రి యభిప్రాయము. పచారి కొట్టు నడుపుకొనువానికి లెక్కలు వచ్చిన చాలు, అంతకు మించిన చదువేల యని తలచుట ఆ కాలమున సహజమే. బడి పంతుళ్లును, అన్న జయనాథుడును పట్టుబట్టిరి. సమీపమున పెద్దబడి లేదు. పది కిలోమీటర్ల దూరమున సిమూలియా యను గ్రామమున నొక మాధ్యమిక పాఠశాల గలదు. దినదినము నడచిపోయి వచ్చుట పసివానికి సాధ్యము కాదు. ఆ గ్రామమున అనంతకుమార దాసు అను వైద్యుడు పిల్లవానికి తన యింట ఉచితముగ కూడు పెట్టి యుంచుకొనుట కంగీకరించెను. అయితే బాలుడు తన పళ్ళెమును తానే కడుగుకొనవలెను. ఇంటి యావును చూచుకొనవలెను. ఆ వైద్యుని యౌదార్యమును మేము తక్కువ సేయము. ఆయన తలుపు తెఱవకున్నచో ఈ చరిత్రమే లేదు. అయినను పళ్ళెము కడుగుకొను నియమములో నాటి కులమర్యాద దాగియుండెనని చదువరులకు మేము విప్పి చెప్పనక్కఱలేదు.

మాధ్యమిక పరీక్షలో ఢాకా జిల్లా యంతటికిని ప్రథముడుగ నుత్తీర్ణుడై, ప్రభుత్వమువారి విద్యార్థివేతనము నెలకు 4 రూపాయలు సంపాదించి, 1905వ సంవత్సరమున మేఘనాదుడు ఢాకా కాలేజియేటు పాఠశాలలో చేరెను. జనపనార వ్యాపారస్థుల వద్ద నెలకు 20 రూపాయల కొలువులో నున్న జయనాథుడు తన జీతమునుండి 5 రూపాయలు పంపుచుండెను. తూర్పు వంగదేశ వైశ్య సమితి నెలకు 2 రూపాయలు సమకూర్చెను. నాలుగును అయిదును రెండును కలిపి పదునొకండు రూపాయలు. ఆ పిల్లవాని తిండి, బట్ట, పుస్తకము సర్వమును దానితోనే.

ఆ యేడే వంగదేశ విభజనము జరిగెను. గవర్నరు ఫుల్లరు పాఠశాలను సందర్శింప వచ్చినప్పుడు విద్యార్థులు బహిష్కారము సేసిరి. వారిలో మేఘనాదుడు నొకడు. ఫలితముగ నాయనను పాఠశాలనుండి వెడలగొట్టిరి. ప్రభుత్వ వేతనమును పోయెను. పదునొకండింటిలో నాలుగు పోగా మిగిలినవి అన్న యిచ్చు నయిదును, సమితి యిచ్చు రెండును. మఱియొక సమితి యయినచో ప్రభుత్వాగ్రహమునకు గుఱియైన బాలునికి ధనమిచ్చుటకు జంకి యుండును. కిశోరీలాల్ జూబిలీ పాఠశాలవారు ఆయనను చేర్చుకొనిరి. 1909వ సంవత్సరమున ప్రవేశపరీక్షలో తూర్పు వంగదేశమున ఆయనయే ప్రథముడు.

కలకత్తా వసతిగృహము

ఢాకా కళాశాలలో ఇంటర్మీడియేటు చదువుచు ఆయన జర్మను భాషను గూడ నేర్చుకొనిరి. ఇది యప్పుడు వింతగ దోచి యుండవచ్చును. కాని తరువాత పదేండ్లకు జర్మను పత్రికలలో వెలువడిన వ్యాసములను మూలముననే చదువగలుగుటవలన కలిగిన లాభ మింతంత గాదు. 1911వ సంవత్సరమున కలకత్తాలోని ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిరి. అచ్చట జగదీశచంద్ర బోసుగారును, ప్రఫుల్లచంద్ర రాయిగారును గురువులు. సత్యేంద్రనాథ బోసుగారు సహాధ్యాయి. 1913లో బి.యస్‌సి. పరీక్షయందును, 1915లో ఎం.యస్‌సి. పరీక్షయందును సత్యేంద్రనాథునికి మొదటి స్థానమును, మేఘనాదునకు రెండవ స్థానమును లభించినవి.

ఆ దినములలో ఆయన ఈడెన్ హిందూ వసతిగృహమున నివసించుచుండిరి. అచ్చటి విద్యార్థులలో కొందఱు ఆయన కులము తక్కువదనియు, తమతో నొక పంక్తిని కూర్చుండి భుజింపరాదనియు అభ్యంతరము దెలిపిరి. సరస్వతీపూజా దినమున గూడ ఆయనకు అవమానము తప్పలేదని చరిత్రకారులు వ్రాసియున్నారు. చదువుల తల్లి పూజలో, చదువునందు రెండవ స్థానమున నున్నవానికి చోటు లేకపోయెను! ఇట్లు చేసినవారు నిరక్షరకుక్షులు గారు. దేశమునకంతకు వన్నె దెచ్చిన కళాశాలలో చదువుకొనుచున్న యువకులు. సాహాగారు ఆ గృహమును విడిచి వేఱొక చోట నివసించిరి. ఆ గాయము మాత్రము మానలేదు. పుట్టుకనుబట్టి మనుష్యుని నిర్ణయించు ఆచారముపై ఆయనకు జీవితాంతమును రోష ముండెను.

చదువు ముగిసిన పిదప ఆర్థికశాఖాధికారుల పరీక్షకు కూర్చుండవలెనని యాయన తలచిరి. ఇంటివారి దారిద్ర్యము తీరుటకు అదియే మార్గము. కాని స్వదేశోద్యమ నాయకులతో పరిచయము గలదను కారణమున ప్రభుత్వమువా రనుమతింపలేదు. ఒక గుమాస్తాదొర తగ్గి లోకమున కొక శాస్త్రజ్ఞుడు మిగిలెను. 1916వ సంవత్సరమున ఆశుతోష్ ముఖర్జీగారు సాహాగారిని, బోసుగారిని క్రొత్తగా నేర్పడిన విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలలో ఉపాధ్యాయులుగ నియమించిరి. గణితమున పట్టముపొందిన సాహాగారు భౌతికశాస్త్రమును బోధింపవలసి వచ్చెను. విద్యార్థులకు చెప్పుటకు ముందు తాము చదువుకొనుచు, చదువుకొన్నదానిని మఱునాడు చెప్పుచు ఆయన ఆ శాస్త్రమును వశపఱచుకొనిరి. ఆగ్నెస్ క్లర్క్ అను విదుషీమణి రచించిన జ్యోతిశ్శాస్త్ర గ్రంథములు చదువుటచే ఆయన దృష్టి నక్షత్రములపై నిలిచెను.

వెలుగులోని వ్రాత

ఇచ్చట సాహాగారు సాధించిన దేమో తెలియుటకు కొంత పూర్వకథ చెప్పవలసియున్నది. చదువరులు ఓపికతో వినవలెనని కోరుచున్నాము.

పొయ్యి మంటలో చిటికెడు ఉప్పు వేసినచో మంట పసుపుపచ్చగ వెలుగుట మన యిండ్లలో నందఱును చూచినదే. ఉప్పులోని సోడియము వేడెక్కినప్పుడు వెలువరించు రంగు అది. ఇట్లే ప్రతి మూలపదార్థమునకును తన సొంతమైన రంగు లున్నవి. సూర్యకిరణమును మూడంచుల గాజుబిళ్ళగుండ పంపినచో ఇంద్రధనుస్సువలె రంగుల పట్టె యొకటి యేర్పడును. దీనిని వర్ణపట మందురు. 1814వ సంవత్సరమున జర్మనీ దేశపు గాజుపనివాడు ఫ్రౌన్‌హోఫర్ సూర్యుని వర్ణపటమున వందలకొలది నల్లని గీతలను చూచి వాని స్థానములను గుర్తించెను. 1859వ సంవత్సర ప్రాంతమున కిర్కాఫ్, బున్సెను అను పండితులు ఆ గీతలు మూలపదార్థముల గుర్తులని నిరూపించిరి. ఒక్కొక్క పదార్థపు గీతల వరుస యొక్కొక్క సంతకము వంటిది. మనుష్యుడు చేరజాలని సూర్యునిలో ఇను మున్నది, ఉదజని యున్నది యని యిట్లు తెలియవచ్చెను.

ఈ శాస్త్ర చరిత్రమున మన తెలుగునేలకును చోటు గలదు. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు ఫ్రాన్సు దేశపు జాన్సెన్ పండితుడు గుంటూరునకు వచ్చి వర్ణపటదర్శినితో సూర్యుని యంచున లేచు జ్వాలలను చూచెను. మద్రాసు వేధశాలాధికారి పాగ్సన్ మచిలీపట్టణమున నదే గ్రహణమును పరిశీలించెను. ఆ సంవత్సరపు పరిశీలనములనుండియే భూమిపై నంతవఱకు నెఱుగని హీలియము అను పదార్థము సూర్యునిలో నున్నదని తేలెను. అది భూమిపై దొరకినది 1895వ సంవత్సరమున.

సూర్యు డొక్కడే. నక్షత్రములన్ననో అసంఖ్యాకములు. ఒక్కొక్కదానిని దూరదర్శినిలో బట్టి పరీక్షించుచు గూర్చుండినచో పురుషాయుష్యము చాలదు. అందుచే అమెరికాలోని హార్వర్డు వేధశాలవారు 1886వ సంవత్సరము మొదలు ఒక యుపాయము పన్నిరి. దూరదర్శిని ముఖమున పలుచని గాజు పట్టకము నుంచి ఛాయాచిత్రము తీసినచో, ఆ పలకపై బడిన ప్రతి నక్షత్రమును చుక్కగ గాక చిన్న వర్ణపటముగ బడును. ఒక్క రాత్రి తీసిన పలకపై వందల నక్షత్రముల చరిత్రము వ్రాసియుండును. ఇట్లు ఉత్తర దక్షిణాకాశముల రెంటిని చిత్రించిరి. ఆ గాజుపలకలను పరీక్షించి నక్షత్రములను తరగతులుగ విభజించినవారు స్త్రీలు. వారిలో విలియమినా ఫ్లెమింగ్ భర్త విడనాడగా వేధశాలాధ్యక్షుని యింట పనిమనిషిగ కుదిరి, పిదప ఆ వేధశాలలోనే పండితురాలై, 1890వ సంవత్సరమున పదివేలకు మించిన నక్షత్రముల పట్టికను సిద్ధపఱచినది. చెవులు సరిగ వినబడని ఆనీ కానన్ 2,25,300 నక్షత్రములను వర్గీకరించినది. ఆ పట్టికలు 1918 మొదలు 1924 వఱకు వెలువడినవి. మన హైదరాబాదులోని నిజామియా వేధశాలయు ఆ కాలముననే, పలుదేశముల వేధశాలలు కలసి తలపెట్టిన ఆకాశ ఛాయాచిత్ర పటమున తన వంతు భాగమును చిత్రించి, నక్షత్రస్థానములను లెక్కగట్టి సంపుటములుగ ప్రకటించినది.

హార్వర్డువారు నక్షత్రములను ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎమ్ అను ఏడు ముఖ్య తరగతులుగ వరుస పెట్టిరి. వరుస చక్కగ కుదిరినది; ఎందుల కట్లు కుదిరినదో యెవరికిని తెలియలేదు. కొన్నిటిలో ఉదజని గీతలు బలముగ నున్నవి, కొన్నిటిలో సన్నగిలినవి. కొన్నిటిలో లోహముల గీతలు నిండియున్నవి, కొన్నిటిలో కానరావు. నక్షత్రములన్నియు వేఱువేఱు పదార్థములతో జేయబడినవా? సూర్యునిలో రుబీడియము, సీజియము అను లోహములు లేవా? పుస్తకమంతయు చేతిలో నున్నది, అక్షరములు గుర్తుపట్టబడినవి, భాష మాత్రము తెలియలేదు.

సిద్ధాంతము

ఆ భాషను కలకత్తాలో కూర్చుండి చదివినవారు సాహాగారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియారు. ఆయన యొద్ద గొప్ప దూరదర్శిని లేదు. ఉన్నది కాగితము, కలము, జర్మను పత్రికలు.

పరమాణువునందు నడిమి బీజమును, దాని నాశ్రయించిన ఎలక్ట్రానులును గలవు. వేడిమి హెచ్చినకొలది పరమాణువు లొండొంటితో ఢీకొని, పై ఎలక్ట్రాను ఊడిపోవును. అట్లు ఎలక్ట్రానును గోల్పోయిన పరమాణువు వెలువరించు గీతలు వేఱు. కోల్పోక పూర్వపు గీతలు వేఱు. వేడినీటినుండి ఆవిరి లేచునట్లు, రసాయన పదార్థములు వేడికి విడిపోవునట్లు, ఎలక్ట్రాను విడివడుటకును లెక్క గలదని సాహాగారు గ్రహించిరి. ఇట్టి యూహను అంతకుముందు ఎగ్గర్టు అను జర్మను పండితుడు నక్షత్రగర్భముల విషయమున చేసియుండెను. ఒక్కొక్క పదార్థమునుండి ఎలక్ట్రానును లాగుట కెంత శక్తి వలయునో ప్రయోగశాలలో కొలువబడిన యంకెలను ఆ లెక్కలో బెట్టి, దానిని నక్షత్రముల వర్ణపటములకు అన్వయించినవారు సాహాగారు.

ఈ లెక్కలో వేడిమితోబాటు ఒత్తిడికిని ముఖ్యస్థానము గలదు. జనసమ్మర్దము గల తిరునాళ్లలో చేయి విడిచినవానికి వెంటనే మఱియొక చేయి దొరకును. నిర్జనమైన మైదానమున నట్టివాడు చాలసే పొంటిగనే తిరుగును. అట్లే వాయువు పలుచనైన చోట ఊడిన ఎలక్ట్రాను మరల పరమాణువును గూడుకొనుట యరుదు. సూర్యుని పైపొరలలో, మిక్కిలి యెత్తున, ఎలక్ట్రాను గోల్పోయిన కాల్షియపు గీతలు కనబడుట కిదియే కారణమని ఆయన చెప్పిరి. సీజియము, రుబీడియము సూర్యునిలో లేకపోలేదు. అవి తమ ఎలక్ట్రానును సులభముగ విడిచిపెట్టునవి గనుక సూర్యుని వేడికి వాని పూర్వపు గీతలు మాసిపోయినవి. సూర్యునిపై కొంత చల్లగనుండు మచ్చలలో వెదకినచో రుబీడియము కనబడవలెనని ఆయన సిద్ధాంతము తెలిపెను. అమెరికాలో రసెల్ పండితుడు వెదకగా నది యచ్చటనే కానవచ్చెను. శాస్త్రమున కింతకంటె మేలైన సాక్ష్యము లేదు.

ఈ సిద్ధాంతము 1920వ సంవత్సరమున లండనులోని ఫిలసాఫికల్ మాగజైనునందు ప్రకటింపబడెను. నక్షత్రముల ఏడు తరగతులు ఏడు జాతులు కావు, వేడిమి యొక్క మెట్లు మాత్రమేయని 1921వ సంవత్సరమున రాయల్ సొసైటీవారి పత్రికలో వెలువడిన వ్యాసము స్థిరపఱచెను. ఓ తరగతివి మిక్కిలి వేడిగలవి. ఎమ్ తరగతివి అన్నిటికంటె చల్లనివి. మన సూర్యుడు నడుమ జి తరగతికి చెందినవాడు, ఉపరితలమున సుమారు 5,500 డిగ్రీల వేడిమి గలవాడు. మూలపదార్థము లన్నిట నించుమించుగ నవియే. వేఱువేఱుగ కనబడుట పుట్టుకవలన గాదు, ఉన్న పరిస్థితివలన. ఈ వాక్యమును వ్రాయునప్పుడు వసతిగృహపు పంక్తి మాకు జ్ఞప్తికి వచ్చినది, చదువరులకును వచ్చియుండును.

1925వ సంవత్సరమున హార్వర్డునందు సిసిలియా పేను అను యువతి సాహాగారి సూత్రమును ఆ వేధశాల గాజుపలకలకు అన్వయించి, నక్షత్రములలో మిక్కిలి యధికముగ నున్నవి ఉదజనియు, హీలియమునని కనుగొనెను. మొదట పెద్దలు నమ్మలేదు. కొలది సంవత్సరములకే అది సత్యమని యొప్పుకొనిరి. విశ్వ మేమిటితో జేయబడినదను ప్రశ్నకు లభించిన ఆ యుత్తరమునకు పునాది కలకత్తాలో పడినది.

ధనములేమి

ఇంతటి పని సాఫీగ జరుగలేదు. ఇంతకుముందు 1917వ సంవత్సరమున వెలుగు యొక్క ఒత్తిడిని గూర్చి సాహాగారొక వ్యాసము వ్రాసి అమెరికాలోని జ్యోతిర్భౌతిక పత్రికకు పంపిరి. అచ్చు ఖర్చులో కొంత రచయితయే భరింపవలెనని వారు కోరిరి. అంత సొమ్ము ఆయన వద్ద లేదు. తుదకు ఆ వ్యాసము కలకత్తా విశ్వవిద్యాలయ పత్రికలో వెలువడెను. పెక్కుమంది దానిని చూడనేలేదు. తరువాత నితరు లీ విషయమున పేరు గాంచిరి. మేధకు కొఱతలేదు, కొఱత పడినది రూకలకు.

హార్వర్డు వర్గీకరణమును గూర్చి వ్రాసిన వ్యాసమునకు 1919వ సంవత్సరమున ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ పారితోషికము లభింపగా ఆయన ఐరోపాకు వెళ్లిరి. లండనులో ఫౌలర్ ఆచార్యుని వర్ణపట ప్రయోగశాలలోను, పిదప బెర్లినులో నెర్న్‌స్ట్ ఆచార్యుని ప్రయోగశాలలోను పనిచేసిరి. ఆ ఫౌలర్ ఆచార్యుని యొద్దనే తరువాత మన వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున వర్ణపట పరిశోధనమునకు పేరు తెచ్చిన కొల్లూరు రంగధామరావుగారును పనిచేసిరి.

తిరిగివచ్చి కొంతకాలము కలకత్తాలో నుండి, 1923లో అలహాబాదు విశ్వవిద్యాలయమునకు ఆచార్యులుగ వెళ్లిరి. అచ్చట బోధనాభారము మెండు, సామగ్రి కొఱత. అయినను పదునైదు సంవత్సరములలో నొక గొప్ప శిష్యవర్గమును తయారుచేసిరి. 1927లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. నోబెలు బహుమానమునకు పలుమార్లు పేరు సూచింపబడినను అది రాలేదు.

లోకసేవ

1938లో కలకత్తాకు మరలివచ్చిన సాహాగారు ప్రయోగశాల గోడలమధ్యనే యుండిపోలేదు. వరదలు ముంచెత్తు నేలలో బుట్టినవారగుటచే నదుల ప్రశ్న ఆయనను విడువలేదు. దామోదర నదీలోయ నిర్మాణమునకు దారితీసిన చర్చలలో ఆయన పాత్ర గణనీయము. 1935లో సైన్స్ అండ్ కల్చర్ అను పత్రికను స్థాపించి దేశాభ్యుదయమునకు శాస్త్ర మెట్లుపయోగపడునో వ్రాయుచుండిరి. 1938లో ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘమున సభ్యులుగ నుండిరి. 1950లో ప్రారంభమైన పరమాణు బీజశాస్త్ర సంస్థ నేడు ఆయన పేరిటనే వెలయుచున్నది. దేశవిభజనమువలన నిలువనీడ లేక వచ్చిన శరణార్థులకు సాయపడిరి. 1952లో కలకత్తానుండి స్వతంత్రాభ్యర్థిగ లోక్‌సభకు ఎన్నికైరి.

పంచాంగముల సంస్కరణము ఆయన చివరి కార్యములలో నొకటి. మన పూర్వుల లెక్కలోని సంవత్సరము ఋతువుల సంవత్సరముకంటె కొంచెము దీర్ఘము. శతాబ్దములు గడచుకొలది ఆ కొంచెమే పెరిగి యిరువదిమూడు దినముల వ్యత్యాసమైనది. అందుచేతనే సూర్యుడు డిసెంబరు 22వ తేదీ ప్రాంతమున నుత్తరమునకు మరలుచుండగా, మనము జనవరి 14వ తేదీ ప్రాంతమున సంక్రాంతి చేసికొనుచున్నాము. 1952లో నియమింపబడిన పంచాంగ సంస్కరణ సంఘమునకు సాహాగా రధ్యక్షులు. వారి నివేదికనుబట్టి శకాబ్దముతో గూడిన జాతీయ పంచాంగము 1957వ సంవత్సరము మార్చి 22వ తేదీనుండి ప్రభుత్వ వ్యవహారమున ప్రవేశపెట్టబడెను. మన యిండ్లలో పండుగలు పాత లెక్కనే జరుగుచున్నను, ప్రభుత్వ గెజెట్టుపై శకాబ్దపు తేదీని చూచినప్పుడు సాహాగారిని తలచుకొనవచ్చును.

ఆయనకు దోషములు లేవని మేము చెప్పము. కోపము మెండు, మాట కటువు. సమకాలికులైన గొప్ప శాస్త్రజ్ఞులతో విభేదములు వచ్చినవి. వాని వలన ఆయన సంకల్పములకు కొన్నిట ఆటంకము గలిగినది. చిన్ననాట తిన్న దెబ్బలు కొందఱిని మెత్తపఱచును, కొందఱిని గట్టిపఱచును. ఆయన రెండవ కోవకు చెందినవారు.

1956వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన ఢిల్లీలో ప్రణాళికా సంఘ కార్యాలయమునకు నడచిపోవుచుండగా గుండెపోటు వచ్చి సాహాగారు పరమపదించిరి. అప్పటికి ఆయన వయస్సు అఱువదిరెండు.

నేటి ఫలితము

ఆయన చూపిన బాట నేడు రాజమార్గమైనది. 2013వ సంవత్సరము డిసెంబరులో ఐరోపావారు పంపిన గైయా యను ఆకాశనౌక భూమికి పదునైదు లక్షల కిలోమీటర్ల దూరమున నుండి, 2025వ సంవత్సరమువఱకు ఆకాశమంతయు మరల మరల చిత్రించినది. 2022లో వెలువడిన దాని పట్టికలలో సుమారు 22 కోట్ల జ్యోతిస్సుల వర్ణపటము లున్నవి. 60,518 లఘుగ్రహముల వర్ణపటములును అందున్నవి. లఘుగ్రహములకు సొంత వెలుగు లేదు. అవి సూర్యుని వెలుగును తిరుగగొట్టును. అట్లు తిరుగగొట్టునప్పుడు అచ్చటి రాళ్లు కొన్ని రంగులను మ్రింగును. మ్రింగిన రంగులనుబట్టి రాయి జాతి తెలియును. వెస్టా యను లఘుగ్రహపు వెలుగు, భూమిపై బడిన యొకజాతి ఉల్కాశిలల వెలుగును పోలియున్నదని 1970లో నిట్లే కనుగొనిరి. 2011లో డాన్ నౌక ఆ లఘుగ్రహమును చేరి చుట్టు దిరిగి చూడగా ఆ పోలిక దృఢపడినది.

మా మనవి

ఇక మొదట చెప్పిన రెండు సంగతులకు వత్తము. కులము పేరిట నేర్పడిన యొక సమితి పేదబాలునికి నెలకు రెండు రూపాయ లిచ్చినది. కులము పేరిటనే కొందఱు విద్యార్థు లాయనను పంక్తినుండి లేపిరి. రెండు నొక్క తరమున, నొక్క దేశమున జరిగినవి. మనమును కులము పేరిటనే యిచ్చట సమావేశమైనాము. ఏ త్రోవను నడువవలెనో నిర్ణయించుకొనుట మన చేతిలోనిదే.

మన సభలలో తీర్మానములు ప్రతియేటను జరుగుచున్నవి. ఊరేగింపులకు, పందిళ్లకు వ్యయపఱచుటయు మనమెఱుగుదుము. పచారి కొట్టు నడుపుకొనువాని బిడ్డకో, కూలివాని బిడ్డకో పుస్తకముల సొమ్ము నెలనెల తప్పక చేరవేయు నిధి వీనియన్నింటికంటె నెక్కువ ఫలమిచ్చును. ఆ వైశ్య సమితివారు తా మిచ్చు రెండు రూపాయలు నక్షత్రలోకమువఱకు బోవునని యెఱుగుదురా? ఎఱుగక యిచ్చిరి గనుకనే ఆ దానము గొప్పది. బాలికలకును ఈ నిధి సమానముగ నందవలెను. హార్వర్డు గాజుపలకలను చదివినవా రెవరో పైన చెప్పియే యున్నాము.

మఱియొక మాట. మన సంఘముల వసతిగృహములలో అన్య కులముల పేదవిద్యార్థి తలుపు తట్టినచో, వానికి చాప వేసి మన పిల్లల నడుమ కూర్చుండబెట్టి వడ్డింపవలెను. వాని పళ్ళెమును వేఱుగ కడుగుకొమ్మని చెప్పరాదు. ఇది మా మనవి. మహాసభవారు దీనిని తీర్మానముగ గాక ఆచారముగ స్వీకరింతురని నమ్ముచున్నాము.